వంకర రూపాయి చేతికొస్తే: టంకశాల తప్పో, బయట తగిలిన దెబ్బో తేల్చుకోవడం ఎలా

నాణేలు పోగుచేయడం మొదలుపెట్టిన ఏడాదిలోనే నేను 600 రూపాయలు పెట్టి ఒక 2 రూపాయల బిళ్ళ కొన్నాను. అమ్మినాయన దాన్ని 'లఖీ' అన్నాడు, అంటే టంకశాలలోనే తప్పు పడి వచ్చిన అరుదైన బిళ్ళ అని. ఒకవైపు మామూలుగా నాలుగు సింహాల బొమ్మ, రెండోవైపు అవే సింహాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటలు పడినట్టు లోపలికి దిగి ఉన్నాయి. ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు. మరుసటి రోజు నెల్లూరు పెద్ద బజారులో బంగారం పని చేసే మా మామ దగ్గరికి తీసుకుపోయి చూపిస్తే, కంటికి అద్దం పెట్టుకుని ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పి, "ఏందిరా ఇది, ఇంకో బిళ్ళ ఆనించి వైసులో బిగించినట్టుందే" అన్నాడు. వైసు అంటే వస్తువును మర తిప్పి గట్టిగా నొక్కిపట్టే ఇనుప పనిముట్టు. అద్దం నా చేతికిచ్చి, తిరగబడిన సింహాల మధ్యలో చూడమన్నాడు. చూస్తే అక్కడ చప్పిడిగా అణిగిపోయిన 2 అంకె కనబడింది, దాని తోక వంపు కూడా పోలేదు. అంటే మొదట అది మామూలు 2 రూపాయల బిళ్ళే, టంకశాల నుంచి బాగానే బయటికి వచ్చింది, తర్వాత ఎవరో ఇంకో బిళ్ళను దాని మీద పెట్టి గట్టిగా నొక్కారు. "ఒకసారి అచ్చు పడిన లోహం మీద మళ్ళీ నొక్కితే మొదటిది ఎక్కడికి పోతుందిరా, కిందే ఉంటది" అన్నాడు మామ.

ఆ ఒక్క మాటే నాకు ఈ విద్యలో మొదటి పాఠం. కొత్తగా నాణేలు పోగుచేస్తున్న మీకు అదే చెప్పాలని ఇది రాస్తున్నా. నాణెం వింతగా ఉందా లేదా అని చూడకండి, ఆ వింత టంకశాలలో ఏ దశలో జరిగి ఉంటుందో చెప్పగలరా అని చూడండి. చెప్పగలిగితే అది ఎర్రర్, అంటే టంకశాలలోనే జరిగిన తప్పు కావచ్చు. చెప్పలేకపోతే, ప్రస్తుతానికి అది దెబ్బ తిన్న నాణెం కిందే లెక్క.

ముందు నాణెం ఎలా పుడుతుందో తెలుసుకోండి

ఇది దాటేసి నేరుగా ఫోటోలు చూసి నేర్చుకుందాం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ ఫోటోలు చూసి ఎన్ని గుర్తుపెట్టుకున్నా కొత్త రకం దెబ్బ ఎదురైనప్పుడు మళ్ళీ తికమక పడతారు, అదే తయారీ తెలిస్తే ఎప్పుడూ చూడని నాణెం గురించి కూడా మీ అంతట మీరే ఆలోచించుకోగలరు.

లోహపు రేకును పొడవుగా సాగదీసి, దాని మీద గుండ్రటి పంచ్‌లతో బిళ్ళలు కోస్తారు. ఇంట్లో పిండి పరిచి గ్లాసు మూతితో గుండ్రాలు కోసినట్టే. ఆ ఖాళీ బిళ్ళను బ్లాంక్ అంటారు. వాటిని కాల్చి మెత్తబరుస్తారు. తర్వాత ఒక మిషన్‌లో అంచును చుట్టూ దొర్లించి నొక్కుతారు, దాంతో అంచు కొంచెం గట్టులా లేస్తుంది. ఇక ముద్రణ. బ్లాంక్ వచ్చి ఒక ఉక్కు రింగు లోపల కూర్చుంటుంది, ఆ రింగు పేరు కాలర్. డై అంటే బొమ్మను తిరగేసి లోతుగా చెక్కిన ఉక్కు అచ్చు. కింద ఒక డై, పైన ఒక డై, రెండూ ఒకే దెబ్బకు కలుస్తాయి. ఆ దెబ్బకు లోహం ముద్దలాగా కదిలి డైలోని గుంటల్లోకి ఎక్కి అక్షరాలవుతుంది, పక్కకు పోబోయేది కాలర్‌కు తగిలి ఆగిపోతుంది.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటే. బొమ్మ, బొరుసు రెండూ ఒకే దెబ్బకు పడతాయి. అందుకని అసలైన తప్పుల్లో చాలావాటికి, బొమ్మ వైపు అడిగిన ప్రశ్నకు బొరుసు వైపు జవాబు ఉంటుంది. బయట తగిలిన దెబ్బ అలా కాదు. సుత్తి ఒకవైపే పడుతుంది, ఆకురాయి ఒకవైపే అరగదీస్తుంది, రెండోవైపుకు చాలావరకు సంబంధమే ఉండదు. నేను ఇప్పటికీ ఏ నాణెం చేతికొచ్చినా ముందు తిప్పి రెండోవైపు చూస్తాను, వింత ఉన్న వైపు తర్వాతే.

మన దేశంలో చెలామణి నాణేలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో తయారవుతాయి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు వీలుంటే సైఫాబాద్‌లోని పాత టంకశాల భవనం చూడండి. 1903 నుంచి అక్కడే నాణేలు కొట్టారు, పని చర్లపల్లికి మారిపోయాక ఇప్పుడు దాన్ని మ్యూజియంగా ఉంచారు. పాత మిషన్ల ముందు నిలబడితే డై అంటే ఏంటో, ప్రెస్ అంటే ఏంటో కళ్ళకు కడుతుంది.

చేతిలో ఉండాల్సినవి

పెద్ద ఖర్చేమీ లేదు. కంసాలి పనివాళ్ళు, వాచీలు బాగుచేసేవాళ్ళు వాడే లూప్, అంటే పదిరెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఒకటి, గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి, ఒక అయస్కాంతం, ఒక ప్లాస్టిక్ స్కేలు. ఫోన్ టార్చి ఎలాగూ ఉంటుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది, మీరు అనుమానపడుతున్న నాణెం లాంటిదే మామూలు నాణెం ఇంకోటి, అదే రకం, కుదిరితే అదే సంవత్సరం. పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు, అనుభవం ఉన్నవాళ్ళయినా సరే.

కొన్ని బరువులు ఒక కాగితం మీద రాసి కాటా పక్కన అతికించుకోండి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. 2011 నుంచి వచ్చిన చిన్న రూపాయి 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. 2011 రకం 2 రూపాయలు 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు, అంటే బరువులోనూ సైజులోనూ పాత స్టీలు రూపాయితో సమానం. మందంగా ఉండే పాత 5 రూపాయలు 9 గ్రాములు, తర్వాత వచ్చినవి 6 గ్రాములు, రెండూ 23 మిల్లీమీటర్లే. 10 రూపాయలు 7.71 గ్రాములు, 2019 తర్వాతి రకం ఒక పిసరు ఎక్కువ. పన్నెండు పలకల 20 రూపాయలు 8.54 గ్రాములు. కాటాలో వందో వంతులు అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు, అరిగిన నాణెం కాస్త తగ్గుతుంది, కొత్తవాటిలోనూ కొంచెం తేడా ఉంటుంది.

అయస్కాంతం కూడా చాలా చెబుతుంది. స్టీలు నాణేలు అంటుకుంటాయి, పాత రాగి నికెల్ మిశ్రమం నాణేలు అంటుకోవు, ఇత్తడి రంగు 5 రూపాయలు కూడా అంటుకోవు. 2007 ప్రాంతంలో వచ్చిన స్టీలు 5 రూపాయలు అంటుకుంటుంది, అది చూసి ఎర్రర్ అనుకుని సంబరపడినవాళ్ళు ఉన్నారు, కాదు, అప్పట్లో దాన్ని స్టీలుతోనే చేశారు.

కొరికినట్టున్న నాణెం

కొత్తవాళ్ళకు అసలైనది దొరకడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇదే, నేర్చుకోవడానికీ ఇదే మంచిది. పిండి గుండ్రాలు కోసేటప్పుడు ఇంతకుముందు కోసిన చోటు మీదికి గ్లాసు కొంచెం జరిగితే ఏమవుతుంది? చందమామను కొరికినట్టు ఒక పక్క వంపుగా ముక్క పోతుంది. టంకశాలలోనూ అంతే, పంచ్ పక్క కోత మీద పడితే బ్లాంకే వంపుగా వస్తుంది. దీన్ని క్లిప్ అంటారు.

అయితే కత్తెరతోనో ఆకురాయితోనో ఎవరైనా వంపు తీయొచ్చు కదా, బరువు రెంటిలోనూ తగ్గుతుంది, మరెలా చెప్పడం? వంపుకు సరిగ్గా ఎదురు అంచు చూడండి. అంచును దొర్లించి గట్టు లేపే మిషన్‌లో బ్లాంకుకు రెండు పక్కలా ఒత్తిడి తగలాలి, ఒక పక్క ముక్క లేకపోతే ఎదురుపక్క ఒత్తిడి పట్టు చిక్కదు, అక్కడ గట్టు సరిగ్గా లేవదు. కాబట్టి అసలైన క్లిప్‌కు ఎదురుగా అంచు బలహీనంగా, కరిగిపోయినట్టు ఉంటుంది. తర్వాత కోసినదానికి ఎదురు అంచు నిండుగా ఉంటుంది. ఇక వంపు దగ్గర అక్షరాలు చూడండి. అసలైనదానిలో ముద్ర పడేటప్పుడే అక్కడ ఖాళీ ఉంది కాబట్టి లోహం ఆ ఖాళీ వైపు సాగుతుంది, అక్షరాలు వంపు దగ్గరికి వచ్చేసరికి కొంచెం సాగి, పలచబడి మాయమవుతాయి. తర్వాత కోసినదానిలో అక్షరం నిండుగా ఉండి, ఉన్నట్టుండి కత్తి పెట్టినట్టు తెగిపోతుంది, తెగిన చోట గరుకు పొర గోటికి తగులుతుంది. ఎదురు అంచు బలహీనంగా లేని అసలైన క్లిప్‌లూ అప్పుడప్పుడు ఉంటాయి, అందుకే ఆ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు, అక్షరాల సాగుదలతో కలిపి చూడండి.

నా దగ్గర ఒక 50 పైసల క్లిప్ ఉంది, ఒంగోలు బస్టాండులో టీ తాగితే చిల్లరలో వచ్చింది, అప్పటికి ఇంకా 50 పైసలు చేతులు మారుతుండేవి. దాని వంపు చిన్న గోరంత. కానీ ఎదురు అంచులో గట్టు ఎంత మెత్తగా కరిగిపోయి ఉందో లూప్‌లో చూసినప్పుడల్లా నాకు ఆ బ్లాంకు దొర్లిన మిషన్ కనబడినట్టే ఉంటుంది.

జరిగి పడిన ముద్ర, కాలర్ తప్పిన ముద్ర

బ్లాంకు సరిగ్గా కూర్చోకముందే డై పడితే ముద్ర ఒక పక్కకు జరుగుతుంది, ఒకవైపు నెలవంకలా ఖాళీ మిగులుతుంది. దీన్ని ఆఫ్ సెంటర్ అంటారు. ఇక్కడ రెండోవైపు పరీక్ష బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నాణెం అంచులో ఏ చోట బొమ్మ వైపు ఖాళీ ఉందో అదే చోట బొరుసు వైపు కూడా ఖాళీ ఉండాలి. వేలితో ఆ చోటు పట్టుకుని తిప్పి చూడండి. ఒకవైపే ఖాళీ ఉండి రెండోవైపు నిండు బొమ్మ ఉంటే, ఖాళీ చోట టార్చి పక్కనుంచి కొట్టండి, దాదాపు ఎప్పుడూ సన్నటి సమాంతర గీతలు మెరుస్తాయి. అది ఆకురాయి పని.

కాలర్ పైకి లేవకుండా ముద్ర పడితే లోహం చుట్టూ విశాలంగా పరుచుకుంటుంది. నాణెం మామూలుకంటే పెద్దగా, పలచగా, అంచు గట్టు లేకుండా వస్తుంది, పక్కన గీతలుండే రకమైతే ఆ గీతలూ ఉండవు. బరువు మాత్రం మామూలు బరువే. ఇక్కడే మన రైలు పట్టాల నాణేలతో తికమక పడతారు. మా చిన్నప్పుడు పట్టాల మీద పది పైసలు పెట్టి గూడ్సు పోయేదాకా కాసుకు కూర్చునే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు, మద్రాసు, విజయవాడ లైను మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీదుగానే పోతుంది కదా, అలాంటివి పాత డబ్బాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. వాటి బరువు కూడా మామూలుగానే ఉంటుంది, అందుకని కాటా సరిపోదు. అక్షరాలు చూడండి. కాలర్ తప్పిన నాణెంలో మధ్యలో అక్షరాలు, బొమ్మ పదునుగా ఉండి, అంచు వైపు వెళ్ళేకొద్దీ బయటికి సాగుతాయి. రైలు ఎక్కిన నాణెంలో అక్షరాలు పైనుంచి చపాతీలా అణిగిపోయి ఉంటాయి, నాణెం ఒక దిక్కుకు కోడిగుడ్డులా సాగి ఉంటుంది. డై ఎప్పుడూ అక్షరాన్ని పైకి లేపుతుంది. ఇలా అక్షరాన్ని అణగదొక్కినది చాలావరకు బయట జరిగిందే.

దయచేసి పిల్లలను ఇప్పుడు పట్టాల దగ్గరికి పంపకండి, ఆ ప్రయోగం చేసి చూడాల్సిన అవసరం లేదు.

లఖీ

నా 600 రూపాయలు పోయిన చోటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. ముద్ర పడిన నాణెం బయటికి జారిపోకుండా ఒక డైకే అంటుకుని ఉండిపోతే, తర్వాత వచ్చిన బ్లాంకుకు ఒకవైపు డై, రెండోవైపు ఆ అంటుకున్న నాణెం తగులుతాయి. ఆ నాణెం మీద ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ, కొత్త బ్లాంకు మీద లోపలికి, తిరగబడి పడుతుంది. అంటే అసలైన లఖీకి రెండువైపులా ఒకే బొమ్మ ఉంటుంది, ఒకవైపు ఉబ్బెత్తుగా సరిగ్గా, రెండోవైపు లోపలికి తిరగబడి. మన దేశంలో నాణేలు పోగుచేసేవాళ్ళు దీన్ని లఖీ అంటారు, మంచి గిరాకీ ఉంది, అందుకే నకిలీలూ ఎక్కువే.

మొదటి ప్రశ్న, తిరగబడిన వైపు మామూలుగా ఉండాల్సిన రెండో బొమ్మ ఆనవాలు ఏదైనా ఉందా? లఖీ బ్లాంకు ఆ రెండో డైని ఎప్పుడూ తాకలేదు, కాబట్టి ఆనవాలు ఉండకూడదు, ఒక అక్షరం ముక్క కూడా. నా బిళ్ళలో అణిగిన 2 అంకె కనబడింది, కథ అక్కడే అయిపోయింది. రెండో ప్రశ్న, తిరగబడినది ఏ బొమ్మ? ఒకవైపు సింహాలుంటే తిరగబడినవి కూడా సింహాలే కావాలి. సింహాల నాణెం వెనక తిరగబడిన 2 అంకె ఉంటే, అంటుకున్న నాణెం లెక్క కుదరదు, కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు. మూడోది, బాగున్న వైపు కూడా ఒకసారి లూప్‌లో చూడండి. వైసులో బిగించినప్పుడు కింద తోలు ముక్కో అట్టో పెట్టినా, ఆ వైపు ఎత్తైన చోట్లు, సింహం ముఖం, అంచు గట్టు, కొద్దిగా చప్పబడి మెరుస్తుంటాయి.

10 రూపాయల బిళ్ళ గురించి ప్రత్యేకంగా

దీనికి రెండు లోహాలు, బయట పసుపు రింగు, మధ్యలో తెల్ల బిళ్ళ. ముద్ర పడకముందే రెండూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, తర్వాత ఒకే డై రెంటినీ కలిపి ఒకే దెబ్బకు కొడుతుంది. ఇది గుర్తుంటే నూటికి నూరుపాళ్ళు పట్టేయగలిగే మోసం ఒకటి ఉంది. మధ్య బిళ్ళ తిరగేసి ఉన్న 10 రూపాయలు, అంటే రింగు మీద గీతలు ఒకవైపు, అంకె ఇంకోవైపు ఉన్నవి, లేదా మధ్య బొమ్మ పక్కకు తిరిగి రింగు మీద రాతతో కుదరనివి, 'అరుదైన ఎర్రర్' అంటూ అమ్ముతుంటారు. రింగు మీదా మధ్యలోనూ ఉన్న బొమ్మలు ఒకే డై మీద చెక్కినవి. ముద్ర పడే క్షణంలో అవి ఒకదానికొకటి తిరిగి ఉండటం కుదరదు. ఎవరో మధ్య బిళ్ళను కొట్టి బయటికి తీసి మళ్ళీ దూర్చారు, అంతే.

అసలైన తప్పులు వేరేగా ఉంటాయి. మధ్య బిళ్ళ చిల్లు పక్కకు పడి, తెల్ల లోహం రింగులోకి పొంగి ఉంటుంది, అయినా దాని మీదుగా అక్షరాలు, గీతలు తెగకుండా సాఫీగా సాగిపోతాయి. మధ్య బిళ్ళ లేకుండా రింగు మాత్రమే ఉన్నదైతే చిల్లు లోపలి అంచు చూడండి. బిళ్ళ లేకుండా ముద్ర పడితే రింగు లోహం లోపలికి పొంగి చిల్లు కొంచెం చిన్నదై, అంచు గుండ్రబడుతుంది. తర్వాత ఊడగొట్టిందైతే గోడ నిటారుగా, బిళ్ళ ఇన్నాళ్ళూ కూర్చున్న ఆనవాలుతో ఉంటుంది.

గీతలు, మచ్చలు, మాయమైన అక్షరాలు

ఇవి త్వరగా చెప్పేస్తా. నాణెం మీద గీత ఉందంటే మొదట అది ఉబ్బెత్తా, లోతా అని చూడండి. డై పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కి నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది. లోతు గీత అయితే అది దాదాపు ఎప్పుడూ బయట గీసుకున్నదే. కంటికి ఇది భలే మోసం చేస్తుంది, ఫోటోలో అయితే మరీ. టార్చి ఎటునుంచి పడుతుందో చూసుకుని, పక్కనే ఉన్న ఉబ్బెత్తు అక్షరం నీడ ఎటు పడిందో ఆ గీత నీడ కూడా అటే పడిందా అని పోల్చండి. డై అంచు ముక్క ఊడిపోతే ఆ చోట నాణెం మీద ముద్దగా లోహం మిగులుతుంది, దాని వెనక వైపు అదే చోట బొమ్మ బలహీనంగా ఉంటుంది. వెనక బొమ్మ నిండుగా ఉండి ముద్ద రంగు తేడాగా ఉంటే అది టంకం ముద్ద అయి ఉంటుంది.

డైలో గ్రీజు పేరుకుంటే అక్షరాలు నిండవు, సంవత్సరంలో ఒక అంకె, 'భారత్' అనే మాటలో ఒక అక్షరం మాయమవుతాయి. అసలైనదైతే అక్షరం మంచులో మసకబారినట్టు మెల్లగా కరిగిపోయి ఉంటుంది, చుట్టూ ఉన్న మెరుపు ఆ చోటా అలాగే ఉంటుంది. అరగదీసినదైతే ఆ చోటు పల్లంగా, మిగతా నాణెంకంటే వేరే రకంగా మెరుస్తుంది.

అక్షరాలు రెండుసార్లు పడినట్టు కనబడేవి మీకు బోలెడు దొరుకుతాయి. వాటిలో చాలావరకు ముద్ర పడ్డాక డై కొద్దిగా కదలడం వల్ల అక్షరం పక్కన చదునుగా మెట్టులా పడినవే, వాటికి విలువ లేదు. డై తయారీలోనే జంటగా పడిన అక్షరాలైతే గుండ్రంగా, నిండుగా, మూలల్లో చీలికతో ఉంటాయి. మొదటి ఏడాది వీటి వెంట పడకండి, కళ్ళు అలసిపోవడం తప్ప లాభం లేదు.

రెండు డైలు ఒకదానికొకటి తిరిగి బిగిస్తే వచ్చేది రొటేషన్. మన నాణేన్ని పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని పుస్తకం పేజీలా పక్కకు తిప్పితే రెండోవైపు బొమ్మ కూడా నిటారుగా రావాలి. వంగి వస్తే రొటేషన్. కొద్దిపాటి వంపు చాలా నాణేలకు ఉంటుంది, తలకిందులుగా వచ్చినదైతే పక్కన పెట్టండి.

మన చుట్టుపక్కల దొరికే దెబ్బలు

రైలు పెన్న బ్రిడ్జి మీద పోతుంటే నదికి దండం పెట్టి బిళ్ళ విసరడం మనవాళ్ళకు అలవాటు. ఇసుకలో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఆ నాణేలు మళ్ళీ చేతికొస్తే ఒంటినిండా గుంటలు, అంచులు తినేసి, కొన్ని అక్షరాలు లేకుండా ఉంటాయి. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున ఉప్పునీటిలో దొరికినవీ అంతే. అవి తుప్పు తిన్నవి, ఎర్రర్లు కావు. ఆమ్లంలో నానబెట్టినవి ఇంకో రకం. నాణెం చిన్నదై పలచబడుతుంది, చూడగానే 'వేరే బ్లాంకు మీద కొట్టారు' అనిపిస్తుంది. నిజంగా చిన్న బ్లాంకు మీద పెద్ద డై పడితే బొమ్మ అంచుల్లో కొంత తెగిపోవాలి, బరువు ఆ చిన్న నాణెం బరువుతో సరిపోవాలి. ఆమ్లం తిన్నదానిలో బొమ్మంతా ఉంటుంది, కాకపోతే కొవ్వొత్తిలా కరిగినట్టు ఉంటుంది.

మొలతాడుకో దిష్టితాడుకో కట్టిన చిల్లు నాణేలు, నగలకు పూత వేసేచోట సరదాగా పూత పూయించిన బంగారు రంగు రూపాయలు, పొయ్యిలో పడి నల్లబడిన 5 రూపాయలు, వీటిని చూడగానే గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. రంగు మారినంత మాత్రాన ఎప్పుడూ ఆశపడకండి, బరువు, అయస్కాంతం రెండూ తేడా చెప్పినప్పుడే ఆలోచించండి.

అసలు తప్పే కానివి కూడా కొన్ని ఉన్నాయి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 'గుర్తు మిస్సయింది' అని నాకు పంపిన ఫోటోలన్నీ కోల్‌కతావే. 1985 రూపాయి మీద సంవత్సరం కింద హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో కొట్టించినది, తప్పు కాదు. 10 రూపాయల మీద 15 గీతలున్నా 10 గీతలున్నా రెండూ అసలైనవే. మన బజార్లలో 10 రూపాయల బిళ్ళ తీసుకోబోమని గొడవపడిన రోజుల్లో, 2018 జనవరిలో, మొత్తం 14 డిజైన్లు చెల్లుతాయని రిజర్వు బ్యాంకే ప్రకటించింది.

పాత రాగి కాసుల మీద ఈ లెక్కలేవీ వాడకండి. విజయనగర కాలం కాసులు, మన ప్రాంతాన్ని ఏలిన ఆర్కాటు నవాబుల రాగి డబ్బులు చేత్తో సుత్తి పెట్టి కొట్టినవి, వాటికి కాలరే లేదు, ముద్ర పక్కకు పడటం, సగం అక్షరాలే ఉండటం వాటి సహజ రూపం. పొలంలోనో పునాదుల్లోనో అలాంటివి కుప్పగా బయటపడితే ఇంటికి తెచ్చుకోవద్దు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి.

డబ్బు పెట్టే ముందు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలకు లక్షలు వస్తాయని, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని వచ్చే ప్రకటనలు మీరూ చూసి ఉంటారు. ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ అంటారు, తర్వాత పన్ను అంటారు, రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడతారు. తన పేరుతో పాత నోట్లు, నాణేల అమ్మకాల మీద ఇలా చార్జీలు, కమీషన్లు అడుగుతున్నారని, నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అమ్ముకునేవాడు ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చిందంటే ఫోన్ పెట్టేయండి.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడనిదే డబ్బు ఇవ్వకండి, లూప్ తీస్తే మొహం మాడ్చుకునే అమ్మకందారు దగ్గర అసలు కొనకండి. ఫోటో చూసి కొనాల్సి వస్తే రెండువైపులా, అంచు చుట్టూ, కాటా మీద పెట్టి బరువు కనబడేలా నాలుగు ఫోటోలు అడగండి. ఇంట్లో కూర్చుని మీరే ఎర్రర్ తయారుచేసి చూద్దాం అనే ఆలోచన వద్దు, నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం కింద నేరం.

దొరికిన నాణెం ఏదైనా కడగకండి. చింతపండు పెట్టి తోమితే రాగి చెంబులా తళతళలాడుతుందని మా ఇంట్లోనూ ఒకసారి తోమారు, 1862 విక్టోరియా పావు అణా, దాని మీద నూట యాభై ఏళ్ళుగా పట్టిన ముదురు గోధుమ రంగు పది నిమిషాల్లో పోయింది, దాంతోపాటే ఏది అరుగుడో, ఏది అసలు పైపొరో చెప్పే ఆధారమూ పోయింది. మట్టి ఉంటే నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దకండి. మెత్తగా వాసనొచ్చే ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్ళకు జిగురు పచ్చగా పట్టుకుంటుంది, నాణేలు పోగుచేసేవాళ్ళు వాడే అట్ట హోల్డర్లలో పెట్టండి.

హోల్డరు అట్ట మీద నాలుగు సంగతులు పెన్సిలుతో రాయండి. నాణెం రకం, సంవత్సరం, కాటా చూపించిన బరువు, ఇది టంకశాలలో ఏ దశలో జరిగిందని మీరు అనుకుంటున్నారో ఒక వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేసి నాణేన్ని వేరే డబ్బాలో వేయండి. నా డబ్బాలో అలా ఖాళీ గడితో ఉన్నవి ముప్పై దాకా ఉన్నాయి, ఆర్నెల్లకోసారి తీసి లూప్ కింద పెడుతుంటాను, పోయిన సంక్రాంతికి వాటిలో ఒక రూపాయికి గడి నింపగలిగాను.